ఎవరి దండెం వాళ్లది

ఆ సోమవారం పొద్దున్న ఆరున్నరకి, తను ఒక్క ముక్క కూడా రాయని ఉత్తరం కింద తన సంతకం కనబడేసరికి ఆమె గుండె గుభేలుమంది.

సంతకం అచ్చం తనదే. చివర్లో కొక్కెంలా వంకర తిరిగే గీత తనదే. పక్కన కొట్టిన పర్యావరణ ఆఫీసు ముద్ర కూడా తను రోజూ వాడేదే. మాటలు మాత్రం తనవి కావు.

ఉత్తరం పిన్ని చేతిలో ఉంది.

"చదువు. పైకి చదువు," అంది పిన్ని.

ఆమె చదివింది.

"'మూడు వందల నాలుగో నంబరు ఫ్లాట్ వారికి. డ్రయ్యర్ మానేసి డాబా మీద బట్టలు ఆరేసుకోమని మూడు నెలలుగా మిమ్మల్ని విసిగించినందుకు క్షమించండి. మీ వయసులో అన్ని మెట్లు ఎక్కడం కుదరదన్న సంగతి నాకు ముందే తట్టలేదు. ఇకమీదట ప్రయత్నించకండి. ఇది మీ వల్ల అయ్యే పని కాదు.'"

"నా వయసులోనా!" పిన్ని గొంతుకి అల్మారాలో గ్లాసులు గలగల్లాడాయి. "నా వయసెంతని రాశావే?"

"నేను రాయలేదు పిన్నీ."

"మరి సంతకం?"

"నాదే. కానీ నేను పెట్టలేదు."

"బాగుంది. రేపు నా మొహం చూపించి, నీదే కానీ నువ్వు కాదు అంటావు."

ఆమె ఉత్తరాన్ని మళ్లీ చూసింది. ఏదో పొసగలేదు.

"ఒక్క నిమిషం. డ్రయ్యర్ మానెయ్యమని విసిగించానని నీకెందుకు రాస్తారు? నువ్వు డాబా మీదే కదా ఆరేస్తున్నావు?"

పిన్ని కిటికీ వైపు తిరిగింది. "మంగళవారాలు ఆరేస్తున్నా."

"మిగతా రోజులు?"

"మిగతా రోజులు... అన్ని మెట్లు ఎవరెక్కుతారే!"

సొంత పిన్ని. ఒకే కప్పు కింద ఉంటూ, రోజూ తన ప్రచారం కాగితాలు మడతపెట్టి ఇచ్చే పిన్ని. ఆమెకి ఏడుపు రావాల్సింది, కాని దానికి టైం లేకపోయింది. బయట ఒక తలుపు ధడేల్మంది. వెంటనే ఇంకోటి. ఆ తర్వాత వరసగా అన్నీ.

ఆమె చెప్పులైనా వేసుకోకుండా వరండాలోకి పరిగెత్తింది. ఎదురుగా లాయర్ గారు. ఆయన కోర్టుకి వెళ్లడం మానేసి ఆరేళ్లయింది గాని ఆ గొంతు మాత్రం ఇంకా కోర్టులోనే ఉంది.

"అమ్మాయ్! గాలికి నిలిచే ముడి వెయ్యడం నాకు చేతకాదా? అందుకని డాబా జోలికి రావద్దా? ముడి! నాకు!"

"సార్, అసలు నేను..."

"నోరు తెరవకు. తెరిస్తే క్రాస్ ఎగ్జామిన్ చేస్తాను."

పై మెట్ల మీద సంగీతం టీచర్ ప్రత్యక్షమైంది. ఉత్తరాన్ని విసనకర్రలా ఊపుతోంది. "డాబా మీద గాలి నా గొంతుకి పడదట! ఇరవై ఏళ్లుగా స్టేజీలెక్కుతున్న గొంతు ఇది! పడదని చెప్పడానికి ఈ పిల్లెవరు?"

అప్పుడు అర్థమైంది ఆమెకి. ఇంటికొకటి చొప్పున ఉత్తరాలు నలభై ఎనిమిది. ఏ రెండూ ఒకలా లేవు. ఎవరికి ఎక్కడ కాలుతుందో సరిగ్గా అక్కడే వాత పెట్టినట్టు ఉంది ప్రతిదీ.

చివరికి అసోసియేషన్ సెక్రటరీ వచ్చాడు. ఇంకో నాలుగు డ్రయ్యర్లు తెప్పించాలని ఏడాదిగా కలలు కంటున్న మనిషి. మొహంలో బాధ పెట్టుకోవాలని చాలా ప్రయత్నించాడు గాని నవ్వు ఆగలేదు.

"శనివారం పదింటికి మీటింగ్. మీ ప్రాజెక్టు ఈ బిల్డింగులో ఉండాలా, ఊడాలా అక్కడే తేల్చేద్దాం."

పదింటికల్లా అందరి సంతకాలతో ఫిర్యాదు ఆఫీసుకి చేరింది, వెంటనే మేనేజర్ ఫోన్.

"శనివారం నేనూ వస్తున్నా. ఆ ఉత్తరాలు రాసిందెవరో చూపించు. చూపించలేకపోతే నువ్వే రాశావని ఫైల్లో రాసి, ప్రాజెక్టు మూసేసి, నిన్ను ఇంటికి పంపిస్తాను."

ఐదు రోజులు. నలభై ఎనిమిది మంది అనుమానితులు.

అసలు ఈ బిల్డింగు సంగతే వేరు. గోడలకి ఏ రంగు వెయ్యాలో తేలక పదేళ్లుగా ఏ రంగూ లేదు. లిఫ్టు పాడవక ముందు అందులో ఇద్దరు ఎక్కితే ఇద్దరూ విడివిడిగా బటన్ నొక్కేవాళ్లు, ఒకే అంతస్తుకైనా సరే. అందరూ మంచివాళ్లే. ఎవరి పని వాళ్లు చేసుకుంటారు, ఎవరి జోలికీ పోరు, తమ జోలికి వస్తే మాత్రం ఊరుకోరు.

సెల్లారులో ఎనిమిది డ్రయ్యర్లు. నెత్తిన ఎండ మాడ్చేస్తున్నా తెల్లారింది మొదలు తిరుగుతూనే ఉంటాయి. ఉచితంగా ఆరే బట్టల్ని బొగ్గు కాల్చి పుట్టించిన కరెంటుతో ఆరబెట్టడం, ఆ పొగతో ఇంకాస్త వేడెక్కిన ఊళ్లో చెమటలు కక్కుతూ ఆ బట్టలే వేసుకోవడం! దీన్ని మాన్పించడానికే ఆఫీసు ఆమెని ఇక్కడికి వేసింది.

ఆమె డాబా మీద ఎనిమిది పొడుగాటి దండేలు కట్టించింది. అంతస్తుకో నోటీసు అంటించింది. 'మనందరి భూమి. మనందరి బాధ్యత. మనందరి దండెం.'

మూడు నెలల్లో ఆ దండేల మీద ఆరినవి ఆమె చొక్కాలు, ఆమె తువ్వాలు. మంగళవారాలు పిన్ని దుప్పటి.

జనం ఆమెకి దండెం అమ్మాయి అని పేరు పెట్టి, అంతటితో తమ బాధ్యత అయిపోయిందనుకున్నారు.

ఇప్పుడు ఇది. డాబా ఎక్కొద్దని, అదీ తన సంతకంతో! ఎవరికి లాభం? ఆలోచించడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆమె సెల్లారు మెట్లు దిగింది.

*

డ్రయ్యర్ కింద నుంచి రెండు కాళ్లు బయటికి ఉన్నాయి.

"బయటికి రండి," అంది ఆ కాళ్లతో.

"బెల్టు జారింది మేడమ్. వదిల్తే మళ్లీ దొరకదు. తిట్టేదేదో అలాగే తిట్టండి, వినబడుతుంది."

మెకానిక్. డ్రయ్యర్ల కంపెనీ మనిషి. నాలుగేళ్లుగా ఈ ఎనిమిది మెషీన్లూ అతని సంరక్షణలోనే ఉన్నాయి. మొదటి రోజే ఇద్దరికీ పడలేదు. గోడకి నోటీసు అంటిస్తుంటే అతను చదివి, "ఈ 'మనందరి' అన్న మాట ఇక్కడ పనిచెయ్యదు మేడమ్" అన్నాడు. "డ్రయ్యర్ల తరఫున వకాల్తా వద్దు" అని ఆమె కొట్టిపారేసింది. అప్పటి నుంచీ అతను ఏం చెప్పబోయినా ఇదే జవాబు. మూడు నెలల్లో ఇద్దరి మధ్యా ఇంతకంటే పెద్ద సంభాషణ లేదు. చూపులు మాత్రం ఉన్నాయి. వాటిని లెక్కలోకి తీసుకోకూడదని ఆమె నిర్ణయించుకుంది.

"ఆ ఉత్తరాలు మీరే రాశారు," అంది.

కాళ్లు కదల్లేదు. "ఎందుకు రాస్తాను?"

"జనం డాబా ఎక్కితే మీ మెషీన్లు మూలపడతాయి. ఎక్కకూడదని రాశారు."

అతను మెల్లిగా బయటికి పాక్కుంటూ వచ్చాడు. జుట్టంతా నూలుపీచు. ముప్పై ఏళ్లవాడు అరవై ఏళ్లవాడిలా ఉన్నాడు. ఆమె నవ్వకూడదని పళ్లు బిగబట్టింది.

"అలా అనుకుంటే అనుమానం నా మీదే పడాలి," అన్నాడు ఒప్పుకుంటున్నట్టు. "కాని ఒక్కరోజు ఆగండి. రేపు సాయంత్రం డాబా ఎక్కి చూసి, అప్పుడు కూడా నాకే లాభమనిపిస్తే పోలీసుల్ని తీసుకురండి. నేను ఇక్కడే, ఇదే మెషీన్ కింద ఉంటాను."

"రేపు డాబా మీద ఏముంటుంది?"

"నాకేం తెలుసు మేడమ్? మెకానిక్‌ని," అని మళ్లీ మెషీన్ కిందకి దూరిపోయాడు.

*

మంగళవారం సాయంత్రం దాకా ఆగక్కర్లేకపోయింది. పొద్దున్న ఏడింటికే డాబా మీద అరుపులు.

ఆమె ఆయాసపడుతూ పైకి చేరేసరికి లాయర్ గారు ఒక తాడుని స్తంభానికి బిగిస్తున్నారు. భుజం మీద తడి చొక్కాలు. పక్కన సంగీతం టీచర్ బకెట్టు పట్టుకుని, డాబా మీద గాలి నిండా పీల్చి, అది తనకి పడుతుందని ఊరంతటికీ తెలిసేలా గొంతెత్తి పాడుతోంది. మూల పిన్ని. పరిగెత్తుకొచ్చిన మొహం, ఆయాసం కనబడకుండా నోరు మూసుకుని నిలబడింది.

"నువ్వేం చేస్తున్నావిక్కడ?"

"చూస్తే తెలీట్లా?" అంది పిన్ని దుప్పటి దులుపుతూ. "నా వయసులో మెట్లెక్కా."

ఆమె నోరు వెళ్లబెట్టింది. మూడు నెలల బతిమాలుడికి కదలని మనుషులు, 'మీ వల్ల కాదు' అన్న ఒక్క మాటకి తడి బట్టలు మోసుకుని డాబా దాకా మెట్లెక్కారు! మెకానిక్ మీద అనుమానం అక్కడికక్కడే ఆవిరైపోయింది. తన పొట్ట తనే కొట్టుకునే పిచ్చివాడు ఎవడుంటాడు?

కాని సంతోషించడానికి వీల్లేకుండా అప్పుడే గొడవ మొదలైంది.

"మీ దుప్పటి నా చొక్కాలకి తగుల్తోంది. అటు జరపండి."

"ఇది అందరి దండెం. మీ చొక్కాల కోసం పుట్టలేదు."

"అందరిది అంటే ఎవరిదీ కాదని. చట్టం చదువుకున్నవాణ్ణి, నాకు చెప్పకండి. ఇలాగైతే నేను కిందకే పోతా. డ్రయ్యర్‌లో నా బట్టలు నావే, పక్కవాళ్ల దుప్పటి రాదు."

లాయర్ గారు చొక్కా తియ్యడానికి చెయ్యెత్తారు.

అందరిది అంటే ఎవరిదీ కాదు. ఆ మాట ఆమె చెవిలో గంట కొట్టినట్టు మోగింది. మూడు నెలలుగా తను అంటించిన ప్రతి కాగితం మీదా 'మనందరి' అనే రాసింది. ఈ బిల్డింగులో ఆ మాట విన్నవాడెవడూ తనతో మాట్లాడుతున్నారనే అనుకోలేదు.

ఆమె వెనక్కి తిరిగింది. మెట్ల గుమ్మంలో మెకానిక్ నిలబడి ఉన్నాడు, సాయంత్రం దాకా ఆగలేనట్టు.

"మీ దగ్గర తాడు కోసే కత్తెర ఉందా?"

"ఉంది. ఎవర్ని కొయ్యాలి?"

"దండేల్ని."

ఎనిమిది పొడుగాటి దండేలు. ఒక్కోదాన్ని ఆరు ముక్కలు చేస్తే నలభై ఎనిమిది. ఆమె బట్టల్లేని ఒక దండెం పట్టుకుని మధ్యలో ఫట్మని కోసేసింది. మూడు నెలల కష్టం రెండుగా తెగి కింద పడింది.

"లాయర్ గారూ, ఇది మీ దండెం. దీని మీద మీ ఫ్లాటు నంబరుంటుంది. ఎక్కడ కట్టాలో, ఎంత ఎత్తులో, ఏ ముడితో కట్టాలో మీ ఇష్టం. ఇంకొకళ్ల రుమాలు పడితే నేను జవాబు చెప్తా."

లాయర్ గారు చొక్కా మీంచి చెయ్యి తీశారు. తాడు ముక్కని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఏ ముడితోనైనా?"

"మీ ఇష్టం."

"నాకు దక్షిణం వైపు కావాలి," అంది సంగీతం టీచర్ ఠక్కున. "అక్కడ ఎండ ఎక్కువ."

"నాది దానికంటే ఎత్తుగా ఉండాలి," అంది పిన్ని.

మెకానిక్ అప్పటికే కిందకి పరిగెత్తాడు. పావుగంటలో పాత డ్రయ్యర్ల నుంచి ఊడదీసిన కప్పీలు, పైపులు భుజాన వేసుకుని వచ్చాడు. తాడు లాగితే దండెం దానంతటదే మనిషి ఎత్తుకి దిగి, వదిలితే పైకి పోయే ఏర్పాటు చేశాడు పిన్నికి. అది చూసి నాలుగో అంతస్తువాళ్లు తమకి ఇంకా మంచిది కావాలన్నారు. ఐదో అంతస్తు ఆయన తన డిజైన్ తనే గీసుకుంటానని కాగితం తీశాడు.

పని మధ్యలో ఆమె కత్తెర ఇవ్వబోయింది, అతను అందుకోబోయాడు, ఇద్దరూ కత్తెర వదల్లేదు.

"నిన్న మిమ్మల్ని దొంగ అన్నాను. సారీ," అంది.

అతని మొహంలో ఏదో నీడలా కదిలి మాయమైంది. "సారీ ఇప్పుడే ఖర్చు పెట్టెయ్యకండి మేడమ్. దాచుకోండి."

బుధవారానికి పదిహేడు దండేలు. గురువారం మధ్యాహ్నానికి ముప్పై ఒకటి. సెల్లారులో మూడు డ్రయ్యర్లు ఖాళీగా నోళ్లు తెరుచుకుని ఉన్నాయి.

అప్పుడు మబ్బు పట్టింది.

*

వాన చెప్పి రాలేదు. ఒక చినుకు ఆమె ముక్కు మీద పడింది, రెండోది అతని చెవి మీద, మూడో దానికి లెక్క తప్పింది.

"బట్టలు!" అని ఇద్దరూ ఒకేసారి అరిచారు.

ఈ ఒక్క వానకి ముప్పై ఒక్క ఇళ్ల బట్టలు తడిస్తే రేపు ముప్పై ఒక్క ఇళ్లూ సెల్లారుకి తిరిగిపోతాయి. ఆమె ఒక వైపు నుంచి, అతను ఇంకో వైపు నుంచి క్లిప్పులు ఊడబెరుకుతూ పరిగెత్తారు. తాళ్ల మధ్య రెండుసార్లు గుద్దుకున్నారు. మూడోసారి గుద్దుకోవాల్సిన అవసరం లేదు, అయినా గుద్దుకున్నారు.

"అది కాదు, లాయర్ గారి చొక్కా ముందు!" అన్నాడు అతను. "రెండో బొత్తం ఊడిపోయింది చూడండి, అది."

మెట్ల మీద దబదబా అడుగుల చప్పుడు. లాయర్ గారు, పిన్ని, సంగీతం టీచర్, ఇంకో పది పన్నెండు మంది. ఎవరి దండెం వైపు వాళ్లు దూకారు. లాయర్ గారు తన బట్టలు చంకలో పెట్టుకుని, వెళ్తూ వెళ్తూ సంగీతం టీచర్ దుప్పట్లు కూడా లాగేశారు.

"నాకు అడ్డం వచ్చింది, అందుకే తీశాను," అన్నారు కోపంగా.

"నేనడిగానా?" అంది ఆవిడ, ఆయన మర్చిపోయిన తువ్వాలు ఆయన నెత్తిన పడేస్తూ.

వాన జోరందుకునేలోపే డాబా ఖాళీ. ఒక్క గుడ్డ తడవలేదు. ఆఖరి దాకా ఉండి తడిసింది ఇద్దరే.

ఊళ్లో ఉన్న నీళ్లన్నీ నెత్తిన పోసుకున్నట్టు ఉన్నాడతను. జుట్టులో పీచు జారిపోయి మళ్లీ ముప్పై ఏళ్లవాడయ్యాడు. ఆమె చూస్తూ ఉండిపోయింది. చూపుల్ని లెక్కలోకి తీసుకోకూడదన్న నిర్ణయం ఆ వానలో కొట్టుకుపోయింది.

"సెల్లారులో నా బీరువాలో పొడి తువ్వాళ్లున్నాయి. తుడుచుకోండి, ఈలోగా నేను కప్పీలకి నూనె పెట్టొస్తా. తడిస్తే తుప్పు పడతాయి," అన్నాడు.

ఆమె సెల్లారుకి వెళ్లి బీరువా తెరిచింది.

పై అరలో తువ్వాళ్లు. కింది అరలో చిన్న చిన్న డబ్బాలు, వరసగా. ప్రతి డబ్బా మీదా ఫ్లాటు నంబరు. జేబుల్లో మర్చిపోయి డ్రయ్యర్‌లో వేసేసిన వస్తువులు చివరికి నూలుపీచు పట్టే జల్లెడలోకి చేరతాయి. వాటిని ఏరి, ఎవరివి వాళ్లకి ఇవ్వడానికి దాచడం అతని అలవాటన్నమాట.

లాయర్ గారి డబ్బాలో దారం ముక్కలు. పది, ఇరవై. ఒక్కో ముక్కకి ఒక్కో రకం ముడి. ఆలోచిస్తూ జేబులో చెయ్యి పెట్టుకుని ముడులు వేసే మనిషి. తన ముడులంటే ప్రాణం పెట్టే మనిషి.

సంగీతం టీచర్ డబ్బాలో గొంతు నొప్పి బిళ్లల కాగితాలు.

మూడు వందల నాలుగు. ఆ డబ్బా తెరిచింది. జుట్టుకి రంగు వేసుకునే పొడి కవర్లు, ఆరు.

గాలికి నిలిచే ముడి మీకు చేతకాదు. గాలి మీ గొంతుకి పడదు. మీ వయసులో మెట్లు ఎక్కలేరు.

నలభై ఎనిమిది మందికి ఎక్కడ కాలుతుందో తెలిసినవాడు ఈ బిల్డింగులో ఒక్కడే ఉన్నాడు.

ఆమె బీరువా మూసేసింది. అతను నూనె డబ్బాతో లోపలికి వచ్చాడు.

"తువ్వాలు దొరికిందా?"

"దొరికింది," అంది. తువ్వాలు తీసుకోకుండానే మెట్లెక్కేసింది.

*

"చెప్పెయ్," అంది పిన్ని శుక్రవారం పొద్దున్న. "ఒక్క పేరు చెప్తే నీ ఉద్యోగం నిలుస్తుంది."

"అతని ఉద్యోగం పోతుంది పిన్నీ. దొంగ సంతకం. కంపెనీ ఆ రోజే తీసేస్తుంది. ఇంకెవరూ పనివ్వరు."

"నా వయసు గురించి రాసినవాడు పోతే పోనీ."

"అతను రాయకపోతే నువ్వు డాబా ఎక్కేదానివా?"

"నేను ఉత్తరం చూసి ఎక్కానా ఏంటి? నాకు బుద్ధి పుట్టి ఎక్కా." పిన్ని ఆమె మొహంలోకి పరీక్షగా చూసింది. "ఓహో."

"ఓహో ఏంటి?"

"ఏం లేదు. ఊరికే, ఓహో."

"నాకు చాలా కోపంగా ఉంది పిన్నీ. నా పేరు వాడుకున్నాడు. నన్నొక్క మాట అడగలేదు."

"కోపంగానే ఉంది. తెలుస్తోంది," అంది పిన్ని. "నిన్నటి నుంచి అతని గురించి తప్ప ఇంకేం మాట్లాడట్లేదు."

*

శనివారం పది గంటలకి మీటింగు హాల్లో కుర్చీలు చాల్లేదు. మేనేజర్ ఫైలు పట్టుకుని మధ్యలో కూచున్నాడు. సెక్రటరీ కొత్త డ్రయ్యర్ల బొమ్మల పుస్తకం ఒళ్లో పెట్టుకున్నాడు.

"రాసిందెవరు?" అన్నాడు మేనేజర్ మొదటి మాటగా.

ఆమె లేచి నిలబడింది. "నేను కాదు. ఎవరో నాకు తెలుసు. చెప్పను."

హాల్లో గుసగుసలు. వెనక గోడ దగ్గర ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు.

"చెప్పకపోతే ఏమవుతుందో తెలుసుగా?"

"తెలుసు సార్. రాసుకోండి. కాని దాంతోపాటు ఇంకోటి కూడా రాసుకోండి. సోమవారం దాకా డాబా మీద ఒక్కరి బట్టలే ఆరేవి. ఇవాళ నలభై మూడు ఇళ్ల బట్టలు ఆరుతున్నాయి. నిన్న సెల్లారులో ఐదు మెషీన్లు రోజంతా తిరగనే లేదు. మూడు నెలలు నేను అందరికీ ఒకే మాట చెప్పాను, ఎవరూ వినలేదు. తప్పు వాళ్లది కాదు. ఇక్కడ 'అందరూ' అని ఎవరూ లేరు. లాయర్ గారున్నారు, టీచర్ గారున్నారు, మా పిన్ని ఉంది. ఒక్కొక్కళ్లూ తమ చేత్తో, తమకి నచ్చినట్టు, తమ దండెం కట్టుకున్నారు. నన్ను పంపించెయ్యండి. ఆ దండేల జోలికి మాత్రం వెళ్లకండి."

సెక్రటరీ గొంతు సవరించుకున్నాడు. "ఆ ఉత్తరాల వల్ల రెచ్చిపోయి ఎక్కారు గాని..."

"ఎవరయ్యా రెచ్చిపోయింది?" లాయర్ గారు లేచారు. "నాకిష్టమై ఎక్కాను. నా ముడి చూశావా? మొన్నటి గాలికి ఇంత కూడా కదల్లేదు. నా దండెం మీద ఎవరైనా చెయ్యి వేస్తే స్టే తెస్తాను!"

"నా దుప్పట్లు ఎండ వాసనేస్తున్నాయి," అంది సంగీతం టీచర్. "ఆ మెషీన్‌లో వేసిన దుప్పటి ఇక కప్పుకోను. నాకు ఎవరూ చెప్పక్కర్లేదు."

"నేను రోజుకి రెండుసార్లు ఎక్కుతున్నా," అంది పిన్ని అందరికీ వినబడేలా. "ఆయాసం లేకుండా!"

ఒకరి తర్వాత ఒకరు లేచారు. ఎవరికి వాళ్లు, ఎవరూ చెప్పకుండానే, సొంత బుర్రతోనే డాబా ఎక్కామన్నారు. చేతులెత్తమంటే నలభై నాలుగు చేతులు లేచాయి. నలభై నాలుగోది ఐదో అంతస్తు ఆయనది. డిజైన్ ఇప్పుడే పూర్తయిందట. సెక్రటరీ బొమ్మల పుస్తకాన్ని మెల్లిగా కుర్చీ కిందకి తోశాడు.

ప్రాజెక్టు గెలిచింది. హాలంతా చప్పట్లు. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"సంతోషం," అన్నాడు మేనేజర్, ఫైలు మూయకుండానే. "కాని దొంగ సంతకం దొంగ సంతకమే. ఫిర్యాదు నా దగ్గరుంది. ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. ఈ అమ్మాయి చెప్పనంటోంది కాబట్టి..."

"నేను చెప్తాను సార్."

వెనక గోడ దగ్గర నుంచి మెకానిక్ ముందుకి వచ్చాడు. చేతిలో ఒక మడత కాగితం. కంపెనీకి రాసుకున్న రాజీనామా.

"వద్దు," అంది ఆమె మెల్లిగా.

లాయర్ గారు చెయ్యి అడ్డం పెట్టారు. "ఆగవయ్యా. నోరు తెరిచే ముందు ఒక పని ఉంది. ఫిర్యాదు మీద మొదటి సంతకం నాదే. వెనక్కి తీసుకుంటున్నా. ఇంకెవరైనా?"

పిన్ని చెయ్యి అందరికంటే ముందు లేచింది. ఆ తర్వాత అందరివీ. మేనేజర్ ఆ చేతుల్ని చూశాడు, ఆమెని చూశాడు, ఫైలు మూశాడు. "ఫిర్యాదే లేకపోతే నాకిక్కడ పనేముంది? నువ్వు సోమవారం నుంచి పక్క బిల్డింగు మొదలుపెట్టు. కప్పీలు బిగించడానికి ఒక మనిషి కావాలంటే ఆఫీసు పెట్టుకుంటుంది," అన్నాడు, రాజీనామా కాగితం వైపు ఓరగా చూస్తూ.

"ఇక ముద్దాయి మాట్లాడొచ్చు," అన్నారు లాయర్ గారు.

మెకానిక్ ఆయన వైపు చూడలేదు. నేరుగా ఆమె ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నేనే రాశాను మేడమ్. నలభై ఎనిమిదీ నేనే. మీ సంతకం సర్వీసు చీటీల వెనక రెండు వారాలు ప్రాక్టీసు చేశాను. ముద్ర మీరు నోటీసు బోర్డు సొరుగులో వదిలేస్తారు, అక్కడి నుంచి తీశాను. తప్పు చేశాను. మీ పేరు మీద నాకు హక్కు లేదు. మెకానిక్ పేరుతో రాస్తే ఆ కాగితంతో మెషీన్లు తుడుస్తారని మీ పేరు వెనక దాక్కున్నాను. అది పిరికితనం. మిమ్మల్ని ఉద్యోగంలోంచి తీసేస్తారని మాత్రం నా బుర్రకి తట్టలేదు. తట్టినప్పుడు మొదటి రోజే ఒప్పుకోవాల్సింది. ఒప్పుకుంటే డాబా మీద మీ పక్కన నిలబడి తాడు పట్టుకునే పని పోతుందని ఒక్కో రోజూ వాయిదా వేశాను.

"నాలుగేళ్లుగా మెషీన్ వెనక పడుకుని వీళ్ల మాటలు వింటున్నాను. నేనక్కడ ఉన్నానని ఎవరికీ గుర్తుండదు. మీ నోటీసు చదివి ప్రతివాళ్లూ ఒకే మాట అన్నారు, 'ఇది నాకు కాదులే' అని. మీరేమో రోజూ ఎండలో ఆ ఎనిమిది దండేల కింద ఒక్కరే నిలబడి, ఎవరో వస్తారని మెట్ల వైపు చూసేవాళ్లు. బెల్టులు సరిచేసే నెపంతో నేను డాబా తలుపు దాకా వచ్చి చూసేవాణ్ణి. డాబా మీద బెల్టులేంటని మీరెప్పుడూ అడగలేదు. ఈ మెషీన్లన్నీ ఆగిపోయినా సరే, ఒక్కరోజు మీరు మెట్ల వైపు చూసేసరికి అక్కడ జనం ఉండాలనిపించింది. అందుకే రాశాను.

"నలభై తొమ్మిదోది మీకే రాద్దామని కూచున్నాను. 'నన్ను ప్రేమించడం మీ వల్ల అయ్యే పని కాదు' అని రాస్తే పంతానికైనా ఒప్పుకుంటారేమో అనిపించింది. రాసి, చింపేశాను. వీళ్లందరికీ ఏమంటే కోపమొస్తుందో నాకు తెలుసు. మీరు ఏమంటే ఒప్పుకుంటారో మాత్రం తెలీదు. మీ దగ్గర ఆ ఎత్తులు వద్దనిపించింది. అందుకే ఉత్తరం లేకుండా, నా నోటితో, ఇంతమంది ముందు చెప్తున్నాను. మీరంటే నాకు ఇష్టం. మొదటి రోజు నన్ను కొట్టిపారేసినప్పటి నుంచీ ఇష్టం. ఇక మీ ఇష్టం."